క్రీములో ప్రిజర్వేటివ్ వద్దనుకునే ముందు

చిరంజీవి స్వాతికి,

ఆశీస్సులు. సొంతంగా క్రీములు చేస్తున్నానని రాశావు, చాలా సంతోషం. వాటిలో బూజు, క్రిములు పట్టకుండా ఆపే ప్రిజర్వేటివ్ మాత్రం వేయనన్నావే, అది నేను ఒప్పుకోలేనమ్మా. నీళ్లు కలిసిన క్రీముకి అది వేసి తీరాలి. ఒట్టి నూనెలతో చేసే బామ్ సంగతి వేరు, తడి తగలనంత కాలం దానికి అక్కర్లేదు.

బూజు ముందుగా పట్టేది చాలాసార్లు మూత దగ్గరే. క్రీము వేడిగా ఉండగానే మూత బిగిస్తే లోపల ఆవిరి పట్టి, ఆ చెమ్మ పైపొర మీదికి జారుతుంది. అక్కడ ప్రిజర్వేటివ్ పలచబడి బూజుకి దారి దొరుకుతుంది. చిన్న మచ్చ కనబడినా మొత్తం పారెయ్. పైపైన తీసేసి వాడకు, అది అప్పటికే లోపలికి దిగి ఉంటుంది. విటమిన్ ఇ వేశాను కదా అన్నావు. అది నూనె కంపు కొట్టకుండా చూస్తుంది గానీ బూజును ఆపదు.

కొత్తలో ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ సులువు. 1 శాతం దాటనివ్వకు, యూరప్ నిబంధనా అదే. అంటే 500 గ్రాములకి 5 గ్రాములు. చెంచాతో కాదు, త్రాసు మీద తూచాలి. అయితే అది బూజు మీద అంత గట్టిగా పనిచేయదు, అందుకే పొటాషియం సార్బేట్ అనే ఇంకో ప్రిజర్వేటివ్ తోడు వేస్తారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సార్బేట్‌కి ఆమ్లగుణం కావాలి. పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 దాటితే దాని బలం బాగా తగ్గిపోతుంది. క్రీము చల్లారాక పీహెచ్ స్ట్రిప్‌తో చూసి, ఎక్కువుంటే సిట్రిక్ యాసిడ్ ద్రావణం చుక్కచుక్కగా కలుపుతూ 5కి దించు.

ఐపీబీసీ అనే ప్రిజర్వేటివ్ జోలికి ఇప్పుడే పోకు. బూజు మీద చాలా గట్టిది, కానీ ఒంటిమీద ఉండిపోయే క్రీముల్లో 0.01 శాతమే హద్దు. 500 గ్రాములకి 0.05 గ్రాములు, ఇంటి త్రాసు మీద అది నమ్మకంగా తూగదు. పెదాలకి రాసేవాటిలో, ఒళ్లంతా పూసే లోషన్లలో, మూడేళ్లలోపు పిల్లల క్రీముల్లో యూరప్ దాన్ని అసలు ఒప్పుకోదు.

పారాబెన్లనే ప్రిజర్వేటివ్లంటే నీకున్న టెన్షన్ అర్థమైంది. 2004లో రొమ్ము కణితుల్లో అవి కనబడ్డాయని ఒక అధ్యయనం వచ్చింది, కానీ క్యాన్సర్‌కి అవే కారణమని అది తేల్చలేదు. అలర్జీ తెచ్చేది వాటికంటే ఇంకో ప్రిజర్వేటివ్ అయిన మిథైల్‌ఐసోథయజోలినోన్ ఎక్కువ. కడిగేయని క్రీముల్లో యూరప్ దాన్ని 2017లో ఆపేసింది. నువ్వూ వాడకు.

ఎవరికైనా ఇచ్చే ముందు మోచేతి మడతలో రాసి రెండు మూడు రోజులు చూడమని చెప్పు. ఈసారి పీహెచ్ ఎంత వచ్చిందో నాకు రాయి.

మీ పెద్దమ్మ