కాలింగ్‌వుడ్ నిజంగా ఫామ్‌లో ఉందా లేదా అని ఎలా చూడాలి? డేకాస్ మీద వాదన ఎందుకు తెగదు?

అడిగిన ప్రశ్న ఇది: మెల్‌బోర్న్ ఆఫీసులో ఫుటీ టిప్పింగ్ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ప్రతి వారం ఎవరు గెలుస్తారో ఊహించే పోటీ) నడుస్తోంది, టీములో సగం మంది కాలింగ్‌వుడ్ జట్టు అభిమానులు. సోమవారం పొద్దున వాదన మొదలవుతుంది. ఆ జట్టు మిడ్‌ఫీల్డర్ నిక్ డేకాస్‌కి 35 డిస్పోజల్స్ (బంతిని తన్ని లేదా పిడికిలితో కొట్టి అందించినవి) వచ్చినా "నిన్న ఏం ఆడలేదు" అంటాడు ఒకడు, "జట్టు ముసలిదైపోయింది" అంటాడు ఇంకొకడు. "గెలిచారు కదా" అంటే నవ్వుతారు. ఫామ్‌ని దేన్ని బట్టి కొలవాలి?

వాళ్లు నవ్వడంలో కొంత న్యాయం ఉందండి. ఈ ఆటలో ఒక్క మ్యాచ్ గెలుపోటములు ఫామ్ గురించి చెప్పేది చాలా తక్కువ. కారణం స్కోరింగ్ పద్ధతిలోనే ఉంది. మధ్య రెండు స్తంభాల నడుమ కాలితో తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్కకి పోతే బిహైండ్, 1 పాయింటే. 2023 గ్రాండ్ ఫైనల్ చూడండి: కాలింగ్‌వుడ్ 12 గోల్స్ 18 బిహైండ్స్, అంటే 90. బ్రిస్బేన్ 13 గోల్స్ 8 బిహైండ్స్, అంటే 86. గోల్స్ తక్కువ వేసిన జట్టే కప్పు ఎత్తింది. స్కోరు చేసిన అవకాశాలు చూస్తే 30కి 21. కాలింగ్‌వుడ్ గురి కాస్త కుదిరి ఉంటే అది 4 పాయింట్ల మ్యాచే కాదు. అందుకే స్కోరు కార్డు తెరవగానే మొత్తం కాదు, గోల్స్, బిహైండ్స్ కలిపి ఎన్ని అవకాశాలు అన్నది ముందు చూడండి. తక్కువ అవకాశాలతో గెలిచిన జట్టు వచ్చే వారం కూడా అంత గురిగా తన్నుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

రెండోది ల్యాడర్‌లో, అంటే పాయింట్ల పట్టికలో, పర్సెంటేజ్. వేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి 100తో గుణిస్తే వచ్చేది. గెలుపుల పాయింట్లు సమానమైనప్పుడు ఎవరు పైన అని తేల్చడానికి పెట్టిన లెక్క ఇది, కానీ ఫామ్‌కి ఇంతకంటే నిజాయితీ గల కొలత ల్యాడర్‌లో ఇంకోటి లేదు. 2021లో 17వ స్థానంలో ఉన్న కాలింగ్‌వుడ్‌ని కోచ్ క్రెయిగ్ మక్రే 2022లో తీసుకున్నాడు. ఆ ఏడాదే 16 గెలుపులు, 6 ఓటములు, వరసగా 11 విజయాలు. వాటిలో చాలావరకు రెండు గోల్స్ లోపు తేడాతో వచ్చినవే. ఎసెండన్ మీద జేమీ ఎలియట్ సైరన్ మోగాక తన్నిన గోల్‌తో గెలిచింది ఆ వరసలోనే. పర్సెంటేజ్ మాత్రం 104 దగ్గర ఆగింది. అదే ఏడాది అగ్రస్థానంలో ఉన్న జీలాంగ్‌ది 140 దాటింది. రెండూ టాప్ ఫోర్ జట్లే, కానీ ఒకటి ప్రత్యర్థుల్ని తొక్కేస్తోంది, ఇంకొకటి ఆఖరి నిమిషంలో గట్టెక్కుతోంది. ఫైనల్స్‌లో (సీజన్ చివర టాప్ జట్లు ఆడే మ్యాచ్‌ల్లో) కాలింగ్‌వుడ్‌కి ఏమైంది? మొదటి వారం క్వాలిఫయింగ్ ఫైనల్‌లో జీలాంగ్ చేతిలో 6 పాయింట్లతో, సెమీఫైనల్ లాంటి ప్రిలిమినరీలో సిడ్నీ చేతిలో 95-94తో ఓటమి.

ఇక్కడ అభిమానులు రెండు ముక్కలవుతారు. దగ్గరి మ్యాచ్‌లు గెలవడం అదృష్టమే అనేది ఒక పక్షం, అది నేర్చుకున్న విద్య అనేది రెండో పక్షం. నా లెక్కలో విద్య పాలు ఉంది, కానీ అభిమానులు అనుకునేంత లేదు. మక్రే జట్టు ఆఖరి ఐదు నిమిషాల పరిస్థితుల్ని ప్రాక్టీసులో ఆడుతుంది. 2025 దాకా, ముందంజలో ఉంటే పక్కగీత వెంబడి తన్నుతూ, బంతిని బయటికి పోయేలా చేసి, మళ్లీ స్టాపేజ్ (ఆట ఆగి అంపైర్ బంతి వేసే ఘట్టం) తెచ్చుకుంటూ గడియారం నడిపించేది. వెనకబడి ఉంటే హాఫ్‌బ్యాక్ (డిఫెన్స్ ముందు వరుస) నుంచి మైదానం నడిమధ్యగా హ్యాండ్‌బాల్స్‌తో (పిడికిలితో కొట్టి ఇచ్చే పాస్‌లతో) దూసుకొస్తుంది. అది పద్ధతే. కానీ అదే కోచ్, దాదాపు అదే జట్టు, 2024లో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడింది. యాన్‌జాక్ డే (ఏప్రిల్ 25) నాడు ఎసెండన్‌తో 85-85 డ్రా, తర్వాత ఫ్రీమాంటిల్‌తో ఇంకో డ్రా, చివరికి 9వ స్థానం, ఫైనల్స్ లేవు. విద్య ఒక్క ఏడాదిలో మరిచిపోరు కదా.

మూడోది ఇన్‌సైడ్ ఫిఫ్టీ, అంటే ప్రత్యర్థి గోల్ ముందున్న 50 మీటర్ల వంపులోకి బంతిని ఎన్నిసార్లు తీసుకెళ్లారన్నది. మామూలుగా ఒక జట్టుకి మ్యాచ్‌కి 50 అటూ ఇటూ. ఇందులో 10 పైగా తేడా ఉంటే ఆ జట్టుదే పైచేయి అని సాధారణ నమ్మకం. దాన్ని తలకిందులు చేసింది 2023 క్వాలిఫయింగ్ ఫైనల్. మెల్‌బోర్న్ జట్టుకి 69, కాలింగ్‌వుడ్‌కి 37. స్కోరు మాత్రం కాలింగ్‌వుడ్ 60, మెల్‌బోర్న్ 53. ఎందుకలా? మెల్‌బోర్న్ వాళ్లు ఒత్తిడిలో తొందరపడి ఎత్తుగా లేపి తన్నారు. అలాంటి బంతి గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, డార్సీ మూర్ లాంటి పొడుగాటి డిఫెండర్ తన మనిషిని వదిలేసి వచ్చి పట్టేస్తాడు. కాబట్టి లోపలికి ఎన్నిసార్లు వెళ్లారన్న దానితో పాటు లోపల ఎన్ని మార్కులు (తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకోవడం) పట్టారో చూడాలి. పది దాటితే దాడి ఆరోగ్యంగా ఉన్నట్టు. లోపలికి 60 సార్లు వెళ్లి మార్కులు ఐదారే అయితే, గెలిచినా సరే, ఫార్వర్డ్ లైన్‌లో ఏదో తేడా ఉంది.

ఇప్పుడు అసలు గొడవ, నిక్ డేకాస్. డిస్పోజల్ అంటే కిక్ అయినా హ్యాండ్‌బాల్ అయినా ఒకటే లెక్క. పక్కనే ఉన్నవాడికి రెండు మీటర్ల హ్యాండ్‌బాల్ ఇచ్చినా ఒకటి, ఇద్దరు మీద పడుతుంటే బంతి లాగి 50 మీటర్లు తన్నినా ఒకటే. క్రికెట్‌లో ఎన్ని బంతుల్లో అని అడగకుండా పరుగులు మాత్రమే చూసినట్టు. పైగా 'ఎఫెక్టివ్' అనే ముద్ర కూడా మోసమే. 40 మీటర్లు దాటిన కిక్ ఇద్దరు సమానంగా పోటీ పడే చోట పడినా ఎఫెక్టివ్ కిందే రాస్తారు. గుడ్డిగా గుంపులోకి లేపినా శాతం పడిపోదు.

డేకాస్ ఎలా ఆడాడో చెప్పాలంటే నేను నాలుగు చూస్తాను. మొదట కంటెస్టెడ్ పొసెషన్స్, అంటే ప్రత్యర్థితో పోటీ పడి అందుకున్న బంతులు: 30కి పైగా డిస్పోజల్స్‌లో ఇవి పది దాటితే పోట్లాడి తెచ్చుకున్నాడని అర్థం, ఐదారే అయితే ఇతరులు తవ్వి ఇచ్చింది అందుకున్నాడని. అది తప్పు కాదు, అతని వేగం, చూపు అక్కడే పనికొస్తాయి. కాకపోతే ఆ రోజు తవ్వినవాడికి కూడా పేరు దక్కాలి. రెండోది స్కోర్ ఇన్వాల్వ్‌మెంట్స్, అంటే స్కోరుతో ముగిసిన వరుసల్లో ఎన్నింట్లో అతని చెయ్యి ఉందన్నది. ఎనిమిది దాటితే వాదన అనవసరం. మూడోది టర్నోవర్లు, అంటే బంతిని ఎదుటి జట్టుకి పోగొట్టుకున్న సార్లు. నాలుగోది మైదానం నడిమధ్య ఆట మొదలెట్టేటప్పుడు (2025 దాకా సెంటర్ బౌన్స్) బంతి దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డాడన్నది. ఇది హఠాత్తుగా తగ్గితే దెబ్బ అయినా తగిలి ఉండాలి, లేదా ట్యాగ్ తప్పించడానికి హాఫ్‌బ్యాక్‌కి పంపి ఉండాలి.

ట్యాగ్ అంటే ఒకణ్ణి మ్యాచ్ అంతా అతని భుజానికి అంటించడం. 2023లో హాథార్న్ తరఫున ఫిన్ మగిన్నెస్ ఆ పని చేస్తే డేకాస్‌కి వచ్చినవి 5 డిస్పోజల్స్, జట్టు ఓడింది. అదే మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలి ప్రిలిమినరీ ఫైనల్ దాకా దూరమయ్యాడు. ట్యాగ్ చేసిన ప్రతి జట్టూ గెలవదు. ట్యాగర్ తన ఆట వదులుకుని ఒక్కడి వెంట తిరుగుతాడు కాబట్టి మిగతా చోట ఖాళీ పడుతుంది. అందుకే అతనికి 18 డిస్పోజల్సే వచ్చిన రోజు "ఫామ్ పోయింది" అనే ముందు, ఆ ఖాళీని అన్న జోష్ డేకాస్ గానీ స్కాట్ పెండల్‌బరీ గానీ వాడుకున్నారా అన్నది చూడండి.

అవార్డుల ఓట్లు తెచ్చి వాదించేవాళ్లు ఉంటారు. లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే 'బ్రౌన్‌లో' మెడల్ ఓట్లు మ్యాచ్‌కి 3, 2, 1 చొప్పున అంపైర్లు వేస్తారు. వాళ్ల కళ్లకి బంతి దగ్గర తిరిగే మిడ్‌ఫీల్డరే కనిపిస్తాడు, డిఫెండర్‌కి దక్కేది అరుదు. కోచ్‌ల ఓట్లు మేలు: ఇద్దరు కోచ్‌లూ 5 నుంచి 1 దాకా వేస్తారు, 10 వచ్చాయంటే ఎదుటి కోచ్ కూడా ఒప్పుకున్నట్టే. ఫ్యాంటసీ పాయింట్లని మాత్రం ఈ వాదనలోకి రానివ్వకండి. కిక్‌కి 3, మార్క్‌కి 3, హ్యాండ్‌బాల్‌కి 2, ట్యాకిల్‌కి 4. వెనకాల డిఫెన్స్‌లో ఖాళీగా ఒకరికొకరు తన్నుకుంటే చాలు, 100 దాటిపోతుంది. హాఫ్‌బ్యాక్‌లు బంతిని ఎన్ని మీటర్లు ముందుకు తీసుకెళ్లారన్న లెక్క కూడా అంతే. కిక్-ఇన్ (ఎదుటి జట్టు బిహైండ్ తర్వాత ఆట మొదలెట్టే కిక్) తీసుకుని గోల్ ముందున్న చదరం దాటి తన్నితే అదీ కలుస్తుంది.

మిగతా స్థానాలకు డిస్పోజల్స్‌తో పనే లేదు. రక్‌మన్ (అంపైర్ వేసిన బంతి కోసం ఎగిరే పొడుగాటివాడు) డార్సీ క్యామరన్‌కి హిట్‌అవుట్స్ (అలా ఎగిరి తట్టినవి) ఎన్ని అని కాదు, వాటిలో మనవాడి చేతికి నేరుగా వెళ్లినవి ఎన్ని అని అడగాలి. చిన్న ఫార్వర్డ్‌కి 9 డిస్పోజల్స్ వచ్చినా రెండు గోల్స్, ఫార్వర్డ్ 50లో మూడు ట్యాకిల్స్ ఉంటే మంచి మ్యాచే. బాబీ హిల్ 2023 గ్రాండ్ ఫైనల్‌లో నార్మ్ స్మిత్ మెడల్ (ఆ ఫైనల్ ఉత్తమ ఆటగాడికిచ్చేది) గెలిచింది బంతులు పోగేసి కాదు, గోల్స్‌తో.

వయసు వాదనకి వస్తే, అందులో నిజం ఉంది, కాకపోతే వేలు తప్పు చోట పెడుతున్నారు. పెండల్‌బరీ 1988లో పుట్టాడు, 2006 నుంచి ఆడుతున్నాడు. స్టీల్ సైడ్‌బాటమ్ కూడా 350 మ్యాచ్‌లు దాటినవాడు. వీళ్లు బంతి దొరికినప్పుడు తప్పు చేసేది తక్కువ. పెద్ద వయసు కనిపించేది బంతి పోయినప్పుడు. టర్నోవర్ జరగ్గానే వెనక్కి 80 మీటర్లు పరిగెత్తాల్సిన చోట, మూడో క్వార్టర్ చివర, ఐదారు రోజుల విరామంతో ఆడిన వారాల్లో. 2025లో కాలింగ్‌వుడ్ చాలా వారాలు అగ్రస్థానంలో ఉండి చివర్లో జారి 4వ స్థానంతో ముగించింది. అడిలైడ్ చేతిలో 3 పాయింట్లతో ఓడిన కొద్ది వారాలకే, క్వాలిఫయింగ్ ఫైనల్‌లో అదే అడిలైడ్‌ని వాళ్ల మైదానంలోనే 24 పాయింట్లతో కొట్టింది. ముసలితనం కొద్ది వారాల్లో వదిలిపోయిందా? మధ్యలో విశ్రాంతి వారం వచ్చింది, అవతల అడిలైడ్ ఆటగాడు ఐజాక్ రాంకిన్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. తర్వాత ప్రిలిమినరీలో బ్రిస్బేన్ వేగం ముందు 29 పాయింట్లతో ఓడింది. నన్నడిగితే ఈ జట్టుకి సమస్య వయసు కాదు, వేగంగా ఎదురుదాడి చేసే జట్టు ఎదురైనప్పుడు వెనక్కి పరిగెత్తే కాళ్లు. ప్రత్యర్థిని బట్టి టిప్ మార్చుకోవాల్సింది అందుకే.

టిప్పింగ్ సంగతి. గురువారం సాయంత్రం జట్లు ప్రకటించాక టిప్ పెట్టండి, సోమవారం కాదు. కన్‌కషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అయినవాడికి కనీసం 12 రోజులు నిబంధన, కాబట్టి వచ్చే మ్యాచ్ దాదాపుగా ఉండదు. ఆదివారం మ్యాచ్‌లకి ముందు పెద్ద జాబితా ఇచ్చి తర్వాత కుదిస్తారు, ఆ జాబితాలో పేరు చూసి సంబరపడొద్దు. మ్యాచ్‌కి ముందు చివరి మార్పులు కూడా ఉంటాయి, మీ టిప్పింగ్‌లో అప్పటిదాకా మార్చుకోనిస్తే వాడుకోండి. మైదానం చూడండి: కాలింగ్‌వుడ్ ఎక్కువగా ఆడేది ఎమ్‌సీజీలో, అది విశాలం. జీలాంగ్ మైదానం వెడల్పు సుమారు 115 మీటర్లే, అక్కడ పక్కలకి తిప్పి ఆడే దారి ఉండదు. పెర్త్‌కి నాలుగు గంటల విమానం, తిరిగొచ్చిన వారం తక్కువ విరామం ఉంటే ఇంకా జాగ్రత్త.

2026 నుంచి సబ్ (ఒక్కసారే దింపగల అదనపు ఆటగాడు) పోయి బెంచ్ మీద ఐదుగురు వచ్చారు, పాత సీజన్ల ఆఖరి క్వార్టర్ లెక్కల్ని నేరుగా పోల్చకండి. ఇక టిప్పింగ్‌లో ఇద్దరు సమానంగా నిలిస్తే తేల్చడానికి గెలుపు తేడా (మార్జిన్) అడుగుతారు కదా, మొదటి మ్యాచ్‌కి 40, 50 అని రాసేవాళ్లు ఎక్కువ. కాలింగ్‌వుడ్ మ్యాచ్ అయితే 12 నుంచి 18 మధ్య రాయండి.