టాస్క్‌బార్ బిగుసుకుపోతే ఫార్మాట్ దాకా వెళ్లకండి

టాస్క్‌బార్, అంటే స్క్రీన్ కింద ఉండే పట్టీ, బిగుసుకుపోయింది, అంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేయాలా (ఫార్మాట్) అని అడిగారు కదా, ముందు ఆ ఫార్మాట్ మాట పక్కన పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి విండోస్ 10లో టాస్క్‌బార్ మీద ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, మూలన గడియారం కూడా ఆగిపోయింది, కానీ మౌస్ కదులుతోంది, తెరిచి ఉన్న వర్డ్ ఫైల్లో అక్షరాలు పడుతున్నాయి. అంటే మిషన్ బాగానే ఉందండి, ఆగింది టాస్క్‌బార్ ఒక్కటే.

నాకూ అచ్చం ఇలాగే అయింది, అదీ జీఎస్టీ త్రీబీ అనే నెలవారీ పన్ను రిటర్న్ వేయడానికి ఆఖరి రోజు, 20వ తారీఖు రాత్రి. మా బావగారి హార్డ్‌వేర్ షాపు లెక్కలు ఇంట్లో కూర్చుని నేనే చూస్తుంటాను. స్క్రీన్ మీద గడియారం 9:42 దగ్గరే ఉంది, ఫోన్లో చూస్తే పది దాటింది. టెన్షన్‌లో పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. మళ్లీ ఆన్ చేస్తే ఎక్సెల్ ఫైల్ వెనక్కి వచ్చింది గానీ, అది మామూలుగా పది నిమిషాలకోసారి దాచుకుంటుంది కాబట్టి చివర్లో ఎక్కించిన బిల్లులు పోయాయి. మీరు మాత్రం ఏం చేసినా ముందు ఆ వర్డ్ ఫైల్లో కంట్రోల్ ఎస్ కొట్టేయండి.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న పెట్టెలా వస్తే కింద మోర్ డీటెయిల్స్ అని ఉంటుంది, అది నొక్కితే పూర్తి లిస్టు కనిపిస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ అనండి. టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తుంది, గడియారం సరైన టైముకి దూకుతుంది. వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ ఏవీ మూసుకుపోవు. తెరిచి పెట్టుకున్న ఫోల్డర్లు మాత్రం పోతాయి, పెన్‌డ్రైవ్‌కి ఏదైనా కాపీ అవుతుంటే అదీ సగంలో ఆగిపోతుంది, అది చూసుకోండి.

రీస్టార్ట్ బదులు పొరపాటున ఎండ్ టాస్క్ నొక్కకండి. నేను రెండోసారి అదే చేశాను. టాస్క్‌బారూ లేదు, డెస్క్‌టాప్ మీద ఐకాన్లూ లేవు, వాల్‌పేపర్ ఒక్కటే మిగిలింది, గుండె ఆగినంత పనైంది! తర్వాత తెలిసింది, టాస్క్ మేనేజర్లోనే ఫైల్ మెనూలో రన్ న్యూ టాస్క్‌కి వెళ్లి ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొడితే అన్నీ తిరిగొస్తాయి.

ఇలా రీస్టార్ట్ చేసి అసలు కారణం వెతక్కుండా వదిలేస్తే మళ్లీ రావచ్చు, నాకు వారంలోనే వచ్చింది. ఫోల్డర్లు తెరిచి చూపించేదీ, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు పేర్చేదీ, కింద టాస్క్‌బార్ నడిపేదీ అంతా ఆ ఎక్స్‌ప్లోరర్ ప్రోగ్రామే. కాబట్టి అది ఏదో ఒక ఫోల్డర్ దగ్గర జవాబు రాక ఇరుక్కుందంటే టాస్క్‌బార్ కూడా దాంతోపాటే బిగుసుకుపోవచ్చు. నాకు రాత్రి తొమ్మిది దాటాకో, ఆదివారాల్లోనో మాత్రమే వచ్చేది. ఈ లెక్కేంటా అని బుర్ర బద్దలు కొట్టుకుంటే తట్టింది, అప్పుడు షాపు మూసేసి ఉంటుంది కదా! షాపులో కంప్యూటర్‌లోని బిల్లుల ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీదుగా నా దాంట్లో జెడ్ డ్రైవ్‌గా పెట్టుకున్నాను, అక్కడ అది ఆఫ్ చేసి ఉన్నా ఇక్కడ నాది దాని కోసం ఎదురు చూస్తూ కూర్చునేది. దిస్ పీసీలోకి వెళ్లి ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌కనెక్ట్ చేశాను, ఫోల్డర్ విండోలో ఎడమ పక్కన ఉండే క్విక్ యాక్సెస్‌లో పిన్ చేసిన ఆ ఫోల్డర్ కూడా తీసేశాను. ఆ తర్వాత ఈ గొడవ మళ్లీ రాలేదు.

మీకు అలాంటి డ్రైవ్ ఏదీ లేకపోతే, ఇది మొదలవకముందు కొత్తగా ఏం వేశారో గుర్తు చేసుకోండి. రైట్ క్లిక్ మెనూలో తమ పేరు దూర్చే జిప్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఎక్స్‌ప్లోరర్ లోపలే కూర్చుని పనిచేస్తాయి, వాటిలో ఒక్కటి తేడా చేసినా ఎక్స్‌ప్లోరర్‌ని కూడా ఆపేయొచ్చు. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే రోజువారీ చిట్టా ఒకటి వస్తుంది, ఎర్ర గుర్తు ఉన్న రోజున ఏ ప్రోగ్రాం ఆగిందో అందులో ఉంటుంది. అవన్నీ చూశాకే, విండోస్ సొంత ఫైళ్లు పాడయ్యాయేమో చూసి బాగుచేసే సిస్టమ్ ఫైల్ చెకర్ జోలికి వెళ్లండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎఫ్‌సి, ఒక స్పేస్, స్లాష్, స్కాన్‌నౌ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పాత మిషన్ అయితే కాస్త టైం పడుతుంది, మధ్యలో ఆపకండి.

మీకు ఏ టైములో ఎక్కువగా ఆగుతోందో, అప్పుడు ఏ ఫోల్డర్ తెరిచి ఉందో కింద రాయండి, చూద్దాం.