సీలింగ్‌కి కన్నాలు పెట్టించేముందు ఒక్కసారి చదువు అమ్మడూ

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశానమ్మా, మధురవాడ ఫ్లాట్ చాలా బాగుంది, హాల్లోంచి కొండ కూడా కనపడుతోంది, మీ పిన్నికి చూపిస్తే ఎంత సంతోషపడిందో. కానీ ఆ ఫాల్స్ సీలింగ్ మేస్త్రి ఇచ్చిన డ్రాయింగ్ చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. హాల్లోనే సీలింగ్‌కి కన్నం పెట్టి బిగించే డౌన్‌లైట్లు పద్దెనిమిది, అన్నీ తెల్లవి, అన్నీ వరసగా. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను, అల్లుడుగారికి కూడా చూపించు.

ముప్పయ్యేళ్ళు ఈ విశాఖలో వైరింగ్ చేశాను, ఎన్ని లైట్లు పెడదాం అని అడగని ఇల్లు లేదు, నీడ ఎక్కడ పడుతుంది అని అడిగిన ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. నువ్వు ముందు అది చూసుకో. మా వంటింట్లో లైటు సరిగ్గా మధ్యలో, సీలింగ్‌కి ఉండేది, గట్టు దగ్గర నిలబడితే లైటు మన వీపు మీద పడుతుంది, మన నీడ కత్తిపీట మీద పడుతుంది. పన్నెండేళ్ళు మీ పిన్ని ఆ నీడలోనే కోసింది, ఒకరోజు ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం శుభ్రం చేస్తూ వేలు తెగ్గోసుకుంది, మూడు కుట్లు. ఊరంతా లైట్లు బిగించినవాణ్ణి, నా ఇంట్లో అది చూసుకోలేదని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత పై అర కింద, ముందు అంచున, ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే మూడడుగుల ఎల్ఈడీ బ్యాటెన్ ఒకటి పెట్టాను, అంతే, చేప మొప్ప ఎర్రగా ఉందో నల్లబడిందో కూడా తెలుస్తోంది. కాబట్టి నీ వంటింట్లో గట్టు పైన పాయింట్ ఇప్పుడే తీయించు, టైల్స్ వేశాక గోడ కొట్టనివ్వరు.

రంగు సంగతి. డబ్బా మీద కెల్విన్ అని అంకె ఉంటుంది, 2700, 3000 అంటే పసుపు, వార్మ్ అంటారు, 4000 మధ్యస్తం, 6500 అంటే ఆ నీలం తెలుపు, షాపువాళ్ళు కూల్ డేలైట్ అని ఇస్తారు. మనవాళ్ళకి 6500 అయితేనే కాంతి ఎక్కువ అని ఒక నమ్మకం, అది రంగే తప్ప వెలుతురు కాదు, వెలుతురుకి ల్యూమెన్లు చూడాలి. 9 వాట్ల ఎల్ఈడీ మంచిదైతే 900 ల్యూమెన్ల దాకా ఇస్తుంది, పాత 60 వాట్ల బల్బు కంటే ఎక్కువే. పడగ్గదికీ దేవుడి గదికీ 3000 లోపు తీసుకో, దీపం పక్కన నీలం లైటు ఉంటే దీపం కళ పోతుందమ్మా. వంటిల్లు, పిల్లాడు చదువుకునే బల్లకి 4000. హాల్లో ఎటూ తేలకపోతే మూడు రంగులూ మారేవి దొరుకుతున్నాయి, స్విచ్ ఆపి వేస్తే రంగు మారుతుంది, కొంచెం రేటెక్కువ అంతే. డబ్బా మీద సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటుంది, ఆ లైటులో రంగులు ఎంత అసలుగా కనపడతాయో చెప్పేది, అది 80కి తక్కువైతే వద్దు, బీరువా అద్దం దగ్గర 90 ఉంటే మంచిది, లేకపోతే చీర రంగు ఇంట్లో ఒకలాగ బయట ఒకలాగ ఉంటుంది. అద్దానికైతే లైటు పైన కాదు, రెండు పక్కలా పెట్టించు, పైనుంచి పడితే కళ్ళ కింద నీడే.

ఇప్పుడు మీ అత్తగారి గది, ఇది జాగ్రత్తగా చదువు. అరవై దాటాక కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది, ఇరవై ఏళ్ళ పిల్లల కంటిలోకి వెళ్ళే వెలుతురులో మూడో వంతే దాదాపు లోపలికి వెళ్తుంది. నీకు చాలిన లైటు ఆవిడకి చాలదు. అలాగని కంట్లో గుచ్చుకునే డౌన్‌లైట్ మంచం మీదకి పెట్టకు, పడుకుంటే నేరుగా కళ్ళల్లోకే కొడుతుంది. గోడకో సీలింగ్‌కో తగిలి పడే వెలుతురు ఎక్కువ ఇవ్వు, చదువుకోడానికి పక్కన ఒక లైటు పెట్టు. మంచం దగ్గర, తలుపు దగ్గర టూ-వే స్విచ్ తప్పనిసరి. బాత్రూమ్ దాకా నేల నుంచి జానెడు ఎత్తులో చిన్న పసుపు లైట్లు రెండు పెట్టించు, గడప కనపడాలి, రాత్రిళ్ళు పెద్దవాళ్ళు గడప తగిలి పడుతుంటారు.

ఆ పద్దెనిమిదిలో ఫ్యాను రెక్కల పైన వచ్చేవి తీయించెయ్యి. ఫ్యాను తిరుగుతుంటే గదంతా నీడ టకటకా కొట్టుకుంటుంది, తలనొప్పి వస్తుంది, సీలింగ్ వేసేశాక ఏం చెయ్యలేం. హాల్‌కి ఎనిమిది చాలు, రెండు మూడు స్విచ్‌లకి విడగొట్టు, సీరియల్ చూసేటప్పుడు అన్నీ వెలగక్కర్లేదు కదా.

బాల్కనీకి మాత్రం ఇనుప లైటు కొనకు, ఎంత అందంగా ఉన్నా. లాసన్స్ బే కాలనీలో ఒకళ్ళ మేడ మీద ఖరీదైన లాంతరు లైట్లు బిగించాను, ఏడాది తిరక్కుండా ఉప్పుగాలికి తుప్పు పట్టి మరకలు గోడ మీదకి కారాయి, మరలు తిప్పితే చేతిలో పొడైపోయాయి. ప్లాస్టిక్ బాడీది, ఐపీ65 అని రాసినది, అంటే దుమ్మూ నీళ్ళూ లోపలికి పోనిది తీసుకో. మీకు సముద్రం కొంచెం దూరమే అయినా గాలి వస్తుంది.

ఇంకోటి, ప్రతి గదిలో ఒక లైటు ఇన్వర్టర్ లైన్ మీద వెయ్యమను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, కొవ్వొత్తులు కూడా దొరకలేదు, నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి చూడలేదు.

ఆదివారం పొద్దున్న కాదు, సాయంత్రం చీకటి పడ్డాక వస్తాను. హోల్డర్, పది మీటర్ల వైరు, మూడు రంగుల బల్బులు తెస్తాను, ప్రతి గదిలో నువ్వు నిలబడు, అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టు, బల్బు పట్టుకుని చూద్దాం. అప్పటిదాకా మేస్త్రిని ఒక్క కన్నం కూడా పెట్టనివ్వకు.

మీ బాబాయి