మనిషి పోయాడని ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి? 108లో నా అనుభవం

"108లో ఈఎంటీగా (బండిలో రోగికి అత్యవసర వైద్యం చేసే ఉద్యోగిగా) కొత్తగా చేరాను. సీపీఆర్ నేర్పారు, కాన్పు చేయడం నేర్పారు. మనిషి పోతే ఇంట్లోవాళ్లతో ఏం మాట్లాడాలో నేర్పలేదు" అని ఒకరు అడిగారు. నేనూ అలాగే చేరాను. బొమ్మ ఛాతీ మీద 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఇవ్వడం బాగానే వచ్చింది. ఆ బొమ్మకు ఇంట్లోవాళ్లు ఉండరు కదా.

మొదటి ఏడాది ఒక రాత్రి, పొలం గట్టు మీద పడిపోయిన ఒకాయన్ని ఎక్కించుకున్నాం. దారి పొడుగునా నొక్కుతూనే ఉన్నాను. లాభం లేదని తెలుస్తూనే ఉంది. ఆయన భార్య ఆయన పాదాలు పట్టుకుని "పర్లేదా బాబూ?" అంటే, "ఆసుపత్రిలో చూస్తారమ్మా" అన్నాను. క్యాజువాల్టీలో డాక్టరు చూసి, "బ్రాట్ డెడ్" (తెచ్చేసరికే చనిపోయారు) అని చీటీ రాసి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయారు. ఆమె నా వైపు తిరిగి, "అంటే అడ్మిట్ చేసుకుంటారా బాబూ?" అంది.

చనిపోయారని ఖాయం చేయాల్సింది డాక్టరే, మనం కాదు. అలాగని అబద్ధం చెప్పక్కర్లేదు. ఇప్పుడైతే బండిలోనే చెబుతాను: "అమ్మా, గుండె ఆగిపోయింది. నొక్కుతూనే ఉన్నాం, తిరిగి కొట్టుకోవడం లేదు. డాక్టరు చూసి చెప్తారు, కానీ నాకు ఆశ కనిపించడం లేదు." డాక్టరు చెప్పాక "చనిపోయారు" అన్న మాటే వాడండి. "లేరు" అంటే వేరే వార్డుకు మార్చారేమో అనుకున్నవాళ్లను చూశాను.

అమెరికాలో ఎమర్జెన్సీ డాక్టర్లకు, తర్వాత పారామెడిక్స్‌కి నేర్పిన 'గ్రీవింగ్' అనే పద్ధతి ఒకటుంది. ఇంగ్లీషులో ఒక్కో అక్షరం ఒక్కో పనికి గుర్తు. ఆ మాట మధ్యలో కావాలనే ఖాళీ వదిలారు. విషయం చెప్పాక కాసేపు నోరు మూసుకోమని దాని అర్థం. నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే. చేతులు ఊరికే ఉండవు, ఏదో ఒకటి సర్దేస్తుంటాం.

మా దగ్గర కేసులు లేని టైంలో కొత్తవాళ్లతో ప్రాక్టీస్ చేయిస్తాం. మా పైలట్, అంటే బండి నడిపే అతను, చనిపోయినాయన భార్యగా వేషం కడతాడు. మొదట అందరూ నవ్వుతారు. "ఇంకాస్త ముందు ఫోన్ చేసుంటే బతికేవాడా?" అని అతను అడగ్గానే నవ్వు ఆగిపోతుంది. దానికి "అవును" అనకండి, ఆ మాట వాళ్లను జీవితాంతం తింటుంది. వాళ్లు చేసిందే చెప్పండి: "మీరు చూడగానే ఫోన్ చేశారు, మేం వచ్చేదాకా పక్కనే ఉన్నారు."

యాక్సిడెంటో ఆత్మహత్యో అయితే దేన్నీ తుడవకండి, కదపకండి. పంచనామా, పోస్ట్‌మార్టం అయ్యాకే అప్పగిస్తారని మెల్లగా ముందే చెప్పండి. తర్వాత తెలిస్తే మార్చురీ దగ్గర గొడవే. శవాన్ని ఇంటికి చేర్చడం 108 పని కాదని కూడా చెప్పాలి, కానీ వెంటనే దారి చూపించాలి. ఆంధ్రాలో ప్రభుత్వాసుపత్రుల నుంచి ఉచితంగా తీసుకెళ్లడానికి మహాప్రస్థానం బండ్లున్నాయి.

ఉంగరం, సెల్‌ఫోన్ లాంటివి ఇంకొకరి ఎదురుగా ఇంట్లోవాళ్ల చేతికే ఇవ్వండి. ఆ రాత్రి ఆయన టార్చిలైటు మా బండిలోనే ఉండిపోయింది. పొద్దున బండి కడుగుతుంటే సీటు కింద దొరికింది.