బేసిక్ మాన్యువల్ కారుతో డ్రైవింగ్ మజా వస్తుందా?

మీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయానండి. ఒక లీటర్ ఇంజన్, అయిదు గేర్ల మాన్యువల్, 67 హార్స్‌పవర్, బేస్ మోడల్, రెండేళ్లుగా నడుపుతున్నా ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి తప్ప ఇంకేమీ అనిపించట్లేదు, దీన్నే కాస్త సరదాగా మార్చుకోవచ్చా లేక అమ్మేసి పెద్ద ఇంజన్ బండి తీసుకోవాలా అని అడిగారు. నేను దాదాపు ఇలాంటి బండే తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను, ఇప్పటికీ తాళం చేతిలోకి తీసుకుంటే ఉత్సాహంగానే ఉంటుంది. కాబట్టి అమ్మకండి, మార్చుకోవచ్చు. కాకపోతే పికప్ పెంచుకుందాం అనే దారిలో మాత్రం వెళ్లొద్దు, ఆ దారిలో నేను ఏడాదిన్నర తిరిగి వెనక్కి వచ్చాను.

మొదట నేను చేసింది చెప్తాను. 13 అంగుళాల స్టీల్ రిమ్ములు తీసేసి 15 అంగుళాల అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేయించా. చూడ్డానికి బండి ఎంత బాగుందో, నడపడానికి అంత బరువెక్కింది. ఒక్కో చక్రం దాదాపు మూడు కిలోలు పెరిగింది, పైగా టైరు సైజు 155/80 ఆర్13 నుంచి 195/55 ఆర్15కి వెళ్తే చక్రం మొత్తం వ్యాసం కూడా మూడు శాతం పెరుగుతుంది, అంటే అన్ని గేర్లూ మూడు శాతం పొడుగైనట్టే (ఇంజన్ ఒక్క చుట్టుకి బండిని ఇంకాస్త దూరం లాగాలి), అసలే చిన్న ఇంజన్, దానికి ఆ బరువు తిప్పడం, ఆ పొడుగు గేర్లు లాగడం రెండూ భారమే. స్టీరింగ్ తేలిక పోయింది, గతుకుల్లో దడదడ మొదలైంది. తర్వాత ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మార్చా. శబ్దం వచ్చింది, బలం రాలేదు. అంత చిన్న ఇంజన్‌లో ఆ రెండింటితో వచ్చే తేడా మనిషికి తెలిసేంత ఉండదు.

అన్నిటికంటే పెద్ద తప్పు స్ప్రింగులు కోయించడం. బండి కిందకి కూర్చుంటే మలుపుల్లో బాగా నిలబడుతుందని ఒక షెడ్డులో చెప్తే నమ్మాను. స్ప్రింగు పొట్టిదైతే షాకర్ కదలడానికి ఉండాల్సిన జాగా తగ్గిపోతుంది, చిన్న గుంటకే లోపలి రబ్బరు స్టాపు మీద పడి కొట్టుకుంటుంది, మలుపు మధ్యలో అలా కొట్టుకుంటే టైరు నేల మీద పట్టు వదిలేస్తుంది. ఒకసారి తడి రోడ్డు మీద ముందు భాగం అలా పక్కకి జారింది, ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ వారమే కంపెనీ స్ప్రింగులు, కొత్త షాకర్లు వేయించి అల్లాయ్‌లు కూడా తీసేశా. దయచేసి ఎవరు చెప్పినా స్ప్రింగులు మాత్రం కోయించకండి.

పాత చక్రాలతో, కొత్త షాకర్లతో బండి మళ్లీ తేలిగ్గా అనిపించినప్పుడే నాకు అసలు విషయం కొంచెం అర్థమైంది. బండి ఎంత వేగంగా వెళ్తుందనేది కాదు, మన చెయ్యికి కాలుకి ఎంత తిరిగి చెప్తుందనేది ముఖ్యం. ఆ చెప్పడం ఎక్కడెక్కడ అరిగిపోయిందో వెతకడం మొదలుపెట్టా.

మొదట దొరికింది గేర్ రాడ్. మూడో గేర్‌లో ఉన్నప్పుడు కూడా రాడ్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే మూడు వేళ్ల వెడల్పు కదిలేది. బండ్లన్నీ అంతే అనుకున్నా ఇన్నాళ్లూ. కింద రాడ్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీలో చిన్న ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి, బొటనవేలి గోరంత, అవి అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేశాయి. మెకానిక్ పాతవి తీసి నా అరచేతిలో పెట్టాడు, వేలితో నొక్కితే పిండిలా రాలింది అంచు. కొత్తవి వేసి గ్రీజు రాసి, క్లచ్ కేబుల్ కూడా కాస్త సర్ది ఇచ్చాడు. ఆ సాయంత్రం రెండు నుంచి మూడుకి వేస్తే 'టక్' అని కూర్చుంది, ఎక్కడ కూర్చుందో చేతికి స్పష్టంగా తెలిసింది. నిజం చెప్తున్నా, అల్లాయ్‌లకి పెట్టిన దాంట్లో ఇరవయ్యో వంతు కూడా కాలేదు దానికి, కానీ నాకు వేరే బండి ఎక్కినట్టు అనిపించింది, ఊరికే గేర్లు మార్చడానికి ఇంకో రెండు కిలోమీటర్లు తిరిగొచ్చా. మీది మాన్యువల్ కదా, రోజుకి వందల సార్లు పట్టుకునేది ఆ రాడ్డే, ముందు అది చూడండి. ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్‌లు పాడైనా ఇలాగే ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలి నొక్కినప్పుడల్లా ఒక కుదుపు వస్తుంటే అవీ చూపించండి.

తర్వాత టైర్లు. కంపెనీ సైజే ఉంచి, మంచి పట్టున్న రకం తీసుకోండి. మైలేజ్ కోసం చేసిన గట్టి రబ్బరు టైర్లు తక్కువ బలంతో దొర్లుతాయి నిజమే, కానీ చాలావాటికి మలుపులో, ముఖ్యంగా తడిలో పట్టు తక్కువ. వెడల్పు పెంచక్కర్లేదు, సన్నటి టైరుతో ఒక లాభం ఉంది, పట్టు వదలబోయే ముందు నెమ్మదిగా, మూలుగుతూ చెప్తుంది. గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత, చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండేలా సర్దడం) కూడా చేయించండి, నాది చేయించాక స్టీరింగ్ మధ్యలో ఉండే ఆ నీరసం పోయింది.

బ్రేక్ ఫ్లూయిడ్ గురించి ఎవరూ మాట్లాడరు. పెడల్ నొక్కిన బలాన్ని చక్రాల దాకా చేర్చేది ఆ ద్రవమే, అది గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక అదే 155కి దిగిపోవచ్చు. కొండ దారిలో దిగుతూ పదే పదే బ్రేక్ కొడితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది. నాకు ఒకసారి అలా అయ్యింది, చిన్న గేర్ వేసుకుని నెమ్మదిగా దిగా. అప్పటినుంచి రెండేళ్లకోసారి మార్పిస్తున్నా, పెడల్ గట్టిగా ఉంటే ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో కాలికి తెలుస్తుంది, ఆ నమ్మకం లేకపోతే మజా ఎక్కడిది.

డిక్కీలో పేరుకున్న సామాను తీసేయండి (స్టెప్నీ, జాకీ తప్ప). 800 కిలోల బండిలో 40 కిలోలంటే అయిదు శాతం, తేడా తెలుస్తుంది. సీటు కూడా చూసుకోండి, వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి, క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. చాలామంది మరీ దూరంగా కూర్చుంటారు, అప్పుడు స్టీరింగ్‌కి వేలాడుతూ తిప్పాల్సి వస్తుంది.

ఇదంతా బండి సంగతి. ఎక్కువ మజా వచ్చింది మాత్రం నేను నేర్చుకున్న దాంతోనే. చిన్న గేర్ వేసేటప్పుడు రేజ్ కలపడం, అంటే ఆ గేర్‌కి కావాల్సినంత వేగానికి ఇంజన్‌ని ముందే తేవడం, ఇది ఒక్కటి నేర్చుకోండి మీరు. లెక్క ప్రకారం నా బండిలో మూడో గేర్‌లో 50 మీద వెళ్తుంటే ఇంజన్ నిమిషానికి 2500 చుట్ల దగ్గర తిరుగుతుంది, అదే వేగానికి రెండో గేర్‌లో 3700 దగ్గర ఉండాలి. మామూలుగా క్లచ్ వదిలేస్తే ఆ తేడా అంతా క్లచ్ ప్లేటూ చక్రాలూ కలిసి లాగి తేవాలి, అందుకే ఆ కుదుపు. క్లచ్ నొక్కి ఉంచి, రాడ్ రెండులోకి వేస్తూ, కుడికాలితో యాక్సిలరేటర్ చిన్నగా ఒక తట్టు తట్టి, రేజ్ పైకి లేచిన క్షణంలో క్లచ్ వదిలితే ఏమీ తెలియకుండా గేర్ పడుతుంది. నా బేస్ మోడల్‌లో ఆ చుట్లు చూపించే ఆర్‌పీఎం మీటర్ లేదు, అదే మంచిదైంది, చెవితో నేర్చుకున్నా. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద అద్దాలు దించి, మూడు నుంచి రెండు, రెండు నుంచి మూడు, అలా దాదాపు నెల. మొదట్లో ఎక్కువ తొక్కితే బండి ముందుకి ఎగిరేది, తక్కువ తొక్కితే ముక్కు కిందకి దించేది. ఒకరోజు మలుపు ముందు బ్రేక్ వేసి వదిలి, తట్టి, క్లచ్ వదిలితే... ఏమీ కాలేదు. కుదుపు లేదు, పక్కన నీళ్ల సీసాలో నీళ్లు కూడా ఊగలేదు, ఇంజన్ స్వరం ఒక మెట్టు పైకెక్కింది అంతే. బండి రోడ్డు పక్కకి తీసి కాసేపు ఆగాను, ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కొత్త బండ్లలో ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (యాక్సిలరేటర్ వైరుకి బదులు ఎలక్ట్రానిక్ సిగ్నల్‌తో పనిచేసేది) వల్ల కాలు తీశాక కూడా రేజ్ నెమ్మదిగా దిగుతుంది, మీదానికీ అలా ఉంటే పై గేర్ వేసేటప్పుడు అరక్షణం ఆగి క్లచ్ వదలండి, అలవాటవుతుంది.

రెండోది, వేగాన్ని పోగొట్టుకోకుండా నడపడం. పెద్ద ఇంజన్ ఉంటే మలుపులో ఎంత తప్పు చేసినా బయటికొచ్చి తొక్కితే సరిపోతుంది. మనకా అవకాశం లేదు, పోయిన వేగం తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. అందుకే దూరం చూడాలి, బ్రేక్ ముందే, తిన్నగా ఉన్నప్పుడే పూర్తి చేయాలి, స్టీరింగ్ ఒకేసారి మెత్తగా తిప్పి పట్టుకోవాలి. ముందు చక్రాలే లాగే బండి కాబట్టి మలుపు మధ్యలో తొందరపడి తొక్కితే ముక్కు బయటికి జారుతుంది, ఉన్నట్టుండి కాలు తీసేస్తే బరువు ముందుకొచ్చి వెనకభాగం తేలిపోతుంది, ఈ రెండిటి మధ్య ఆ కాస్త చోటు కాలికి దొరికిందంటే రోజూ వెళ్లే దారే కొత్తగా ఉంటుంది. నా బండి రెండో గేర్‌లో చివరిదాకా లాగినా 80 దాటదు. ఇంజన్‌ని పూర్తిగా వాడుకుంటూనే మామూలు వేగంలో ఉండగలం. శక్తివంతమైన బండిలో అలా రెండో గేర్ చివరిదాకా లాగితే చాలా రోడ్ల మీద తప్పు చేసినట్టే, పైగా వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1959లో వచ్చిన బ్రిటిష్ చిన్న కారు, మొదటి మినీకి 848 సీసీ ఇంజన్, 34 హార్స్‌పవరే, చవకలో కుటుంబాలు తిరగడానికి అలెక్ ఇసిగోనిస్ డిజైన్ చేసిన బండి. 10 అంగుళాల చక్రాలు నాలుగు మూలల చివర్లో, బరువు తక్కువ. అందులోంచే వచ్చిన కూపర్ ఎస్ 1964, 1965, 1967లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. దానికి ఇంజన్ పెద్దది చేశారు నిజమే, అయినా తనకంటే చాలా బలమైన బండ్లని మంచులో మలుపుల్లో దాటింది మాత్రం ఆ తేలికతనంతోనే. మీ బండిలోనూ ఆ గుణం కొంత ఉంది, బరువెక్కించి పోగొట్టకండి.

ఇంకొకటి, టైరు పట్టు ఎక్కడ వదులుతుందో రోడ్డు మీద కనుక్కోవద్దు. ఖాళీ మైదానంలో, అనుమతి తీసుకుని, కోన్లు పెట్టుకుని చేయండి, ఆటోక్రాస్ ఈవెంట్ (చిన్న దారిలో ఒక్కో బండి టైం కొలిచే పోటీ) ఏదైనా అందుబాటులో ఉంటే మామూలు బండితోనే వెళ్లొచ్చు, హెల్మెట్ ఉంటే చాలాచోట్ల రానిస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు 40, 50 వేగంలోనే చెమటలు పట్టాయి, రెండు రోజులు ఆ మలుపులే కళ్లముందు తిరిగాయి. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కొట్టుకుంటే పెడల్ ఎలా అదురుతుందో కూడా అక్కడే తెలిసింది, దానివల్ల తర్వాత ఒకసారి కుక్క అడ్డమొచ్చినప్పుడు భయపడకుండా పెడల్ నొక్కే ఉంచగలిగా.

ఇప్పుడు మీరు చేయాల్సినవి రెండు. బండి ఆపి, మూడో గేర్‌లో పెట్టి రాడ్ ఎంత ఊగుతుందో చూడండి. తర్వాత టైరు పక్కగోడ మీద ఇంగ్లీషులో DOT అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. ఆ రెండూ, టైరు సైజూ కింద రాయండి, ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టి చెప్తాను.