బోర్డో రెడ్ వైన్‌కు అంత ధర దేనికి?

"ఫ్రాన్స్ నుంచి వచ్చే ఖరీదైన రెడ్ వైన్‌లో తయారీ గొప్పతనం ఎంత, పేరు గొప్పతనం ఎంత?" అని ఒకరు అడిగారు. చదువు కోసం ఫ్రాన్స్‌లోని బోర్డో వచ్చి, ఖర్చుల కోసం మెడోక్ ప్రాంతంలోని ఒక ద్రాక్షతోటలో పనికి చేరి, ఆ తరువాత కూడా ఆ తోటవారితో రాకపోకలు మానని వాడిగా నా సమాధానం ఇది: సగం పేరే. మిగిలిన సగం నిజమైన పనే కానీ, అది చాలామంది ఊహించుకునే రహస్య విద్య కాదు. పనికిరాని దాన్ని, ఒక్కోసారి పనికొచ్చే దాన్ని కూడా, మొహమాటం లేకుండా ఏరి పక్కన పెట్టడమే ఆ పని.

ముందు నేల సంగతి. జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున ఉన్న మెడోక్‌లో చాలా భాగం, 17వ శతాబ్దంలో డచ్చివారు కాలువలు తవ్వి నీరు తీసేదాకా చిత్తడి నేలే. ఆ చిత్తడి మధ్య నదులు ఎన్నో యుగాల కిందట తెచ్చి పోసిన గులకరాళ్ళ దిబ్బలే ఇప్పుడు అక్కడి ఆస్తి. ఫోటో పంపితే మా నాన్నగారు "ఈ రాళ్ళలో ఏం పండుతుందిరా?" అన్నారు. వరి పండించిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. అయితే ఆ రాళ్ళలో వాన నీరు నిలవదు కనుక వేళ్ళు లోతుకు దిగుతాయి, తీగ విచ్చలవిడిగా పెరగదు, పగటి ఎండను రాళ్ళు పట్టి ఉంచడం వల్ల ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోఁ అనే ద్రాక్ష రకం కూడా పక్వానికి వస్తుంది. ఆ కాయ చిన్నది, తొక్క మందం. నల్ల ద్రాక్షకైనా లోపలి రసానికి రంగు ఉండదు. ఎరుపూ వగరూ ప్రధానంగా తొక్క నుంచే వస్తాయి కాబట్టి, తినడానికి బాగుండే పెద్ద కాయ ఇక్కడ ఎవరికీ అక్కరలేదు.

నన్ను మొదట నిలబెట్టింది ఏరివేత బల్ల దగ్గర. కదిలే పట్టీ మీద ద్రాక్ష వస్తుంటే రెండు వైపులా నిలబడి ఆకు ముక్కలు, తొడిమలు, రంగు పూర్తిగా తిరగని కాయలు, ముడతలు పడినవి, బూజు తగిలినవి తీసివేయాలి. కాసేపటికే వేళ్ళు జిగటగా, గోళ్ళు నల్లగా తయారయ్యేవి. నేను ఏ కాయనైనా పట్టుకుని తటపటాయిస్తే పక్కనుండే పెద్దావిడ "నువ్వు తింటావా దాన్ని? తినవుగా, మరి తీసెయ్యి" అనేవారు. ఇంత ఖచ్చితంగా ఏరడం, బాగా పండేదాకా ఆగి కోయడం అనాదిగా వస్తున్న ఆచారమని పర్యాటకులకు చెబుతుంటారు కానీ, దానిని బోర్డోలో పట్టుబట్టి అలవాటు చేసినవారిలో 20వ శతాబ్దపు వైన్ శాస్త్రవేత్త ఎమిల్ పేనో ముఖ్యుడు.

పులియబెట్టడం గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. తొక్కలతో సహా తొట్టిలో ఉంచి, పైకి తేలి గడ్డకట్టే తొక్కల మీద అడుగు రసాన్ని తోడి పోస్తూ రెండు మూడు వారాలు కాచుకుంటారు. అసలు విషయం చలికాలంలో జరిగే కలయికలో ఉంది. అక్కడ ఒక్కో మడి ద్రాక్షను విడిగా పులియబెడతారు. ఏది ఎంత కలపాలో తరువాత తేలుస్తారు. ఒక జనవరిలో అది తేల్చే గదిలో మూల నిలబడి చూడడానికి నాకు అనుమతి దొరికింది. మెర్లో అనే మరో రకం ద్రాక్ష వైన్ నోటిని మెత్తగా నింపి, మింగగానే మాయమైంది. కాబెర్నేలో మన ఐస్‌క్రీమ్ దుకాణాల వల్ల అందరికీ తెలిసిన బ్లాక్ కరెంట్ వాసన, దాని వెనుక అప్పుడే చెక్కిన పెన్సిలు వాసన వచ్చాయి. నేరేడు పళ్ళు తిన్నాక పట్టినట్టు చిగుళ్ళకు వగరు పట్టింది, అయితే రుచికి మొదలూ చివరా ఉన్నాయి కానీ నడుమ ఏమీ లేదు. ఆ ఖాళీని మెర్లో పూడుస్తుంది. సిరాలా ముదురుగా ఉన్న పెటీ వెర్దో అనే రకాన్ని నూటికి రెండు మూడు పాళ్ళకు మించనివ్వలేదు.

ఆ రోజు నాకు అన్నిటికంటే రుచిగా తోచినది ఒక తొట్టి మెర్లో. సలహాకు వచ్చిన పెద్దాయన దానిని నోట్లో తిప్పి ఉమ్మి, "ఇప్పుడు బాగుంది, పదేళ్ళు నిలవదు" అని కాగితం మీద గీత కొట్టేశారు. అంటే ఆ తొట్టి మొత్తం, తోట పేరుతో కాకుండా చాలా తక్కువ ధరకు అమ్మే రెండో వైన్‌కు పోతుంది. యజమాని కాసేపు కిటికీలోంచి బయటకు చూసి, తల ఊపారు. తయారీకి ధర చెల్లిస్తున్నామని ఎవరైనా అంటే, నా లెక్కలో ఆ తల ఊపినందుకే చెల్లించాలి.

ఓక్ పీపాల గురించి మాత్రం అనవసరమైన ఆర్భాటం ఎక్కువ. 225 లీటర్ల పీపాలో 300 సీసాల వైన్ పడుతుంది; కొత్త పీపా దాదాపు వెయ్యి యూరోలనుకున్నా సీసాకు మూడు నాలుగు యూరోలే. ఏడాదిన్నర పీపాలో ఉన్నాక, వగరును అడుగుకు దించడానికి పీపాకు అయిదారు కోడిగుడ్ల తెల్లసొన కలిపే పద్ధతి ఇంకా ఉంది. శాకాహారులైన మిత్రులకు ఈ మాట ఎవరూ చెప్పరు. లేబుల్ చూసి కొనండి.

పేరు సంగతికి వస్తే, 1855లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం అడిగితే, దళారులు అప్పటి అమ్మకం ధరలను బట్టి మెడోక్ తోటలకు అయిదు తరగతులు కట్టారు. 1973లో మూతోఁ రోత్షిల్డ్ అనే తోటను మొదటి తరగతికి చేర్చడం తప్ప, చెప్పుకోదగిన మార్పు తరువాత జరగలేదు. తరగతి తోట పేరుకే గాని నేలకు కాదు కనుక, యజమాని పక్క పొలం కొని కలుపుకున్నా హోదా చెక్కుచెదరదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని వ్యవహారం.

ఇంత శ్రమపడి చేసిన దానిని మనవాళ్ళు హైదరాబాదు ఎండల్లో "రెడ్ వైన్‌ను చల్లబరచకూడదు" అంటూ 35 డిగ్రీల్లో తాగి, సారా వాసన వస్తోందంటారు. దానికి తగినది 16 నుంచి 18 డిగ్రీలు; మే నెలలో సీసాను అరగంటకు పైగానే ఫ్రిజ్‌లో ఉంచాలి. గోంగూర మటన్‌తో కూడా వద్దు. కారానికి ఆ వగరు తోడైతే నోరు మండడం తప్ప ఏమీ తెలియదు. కారం తక్కువ వేసి కాల్చిన మాంసం పెట్టుకోండి. కొనడానికైతే మొదటి తరగతి పేర్ల జోలికి పోకుండా, మూడో నాలుగో తరగతి తోటల రెండో వైన్, 2016 లాంటి మంచి ఏడాదిది చూసుకోండి. పెద్దాయన గీత కొట్టిన తొట్లు చేరేది అందులోకే.