లైన్ చూడకముందే నీ అంకె రాసుకో

చిరంజీవి శ్రీకర్‌కు మావయ్య ఆశీస్సులు.

ఈసారి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ ముగిశాక టైటిల్ కోసం జరిగే సిరీస్‌లలో, ప్రతి మ్యాచ్‌కూ స్ప్రెడ్ మీద అంచనా వేయాలనుకుంటున్నావనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. న్యూజెర్సీలో ఉంటూ ఏళ్ల తరబడి ఈ ఆటను చూస్తూ, అంకెలు రాసుకుంటూ వస్తున్నాను కనుక, నాకు గట్టిగా తెలిసిన సంగతులు మాత్రమే రాస్తున్నాను. తీరికగా చదువు.

ముందుగా ఒక విషయం నీ మనసులో స్థిరపడాలి. ఏ జట్టు గెలుస్తుందో ఊహించడం వేరు, స్ప్రెడ్ మీద అంచనా వేయడం వేరు. స్ప్రెడ్ అంటే పందేలు నడిపేవాళ్లు మ్యాచ్‌కు ముందే ప్రకటించే పాయింట్ల తేడా; ఆ అంకెనే లైన్ అంటారు. ఒక జట్టుకు మైనస్ 6.5 అని లైన్ ఉంటే, ఆ జట్టు 7 పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ తేడాతో గెలిస్తేనే దాని పక్షాన పందెం కట్టినవాడికి డబ్బు వస్తుంది. 6 పాయింట్లతో గెలిస్తే జట్టు సంబరాలు చేసుకుంటుంది, అతను ఓడిపోతాడు. పైగా మామూలుగా 100 డాలర్లు గెలవడానికి 110 డాలర్లు ఒడ్డాలి. ఆ 10 డాలర్ల మూలంగా, వేసిన అంచనాల్లో సగం నిజమైనా నష్టమే మిగులుతుంది. నూటికి 52.4 నిజమైతేనే పెట్టింది పెట్టినట్టు తిరిగి వస్తుంది. లైన్‌ను తయారుచేసేవాళ్లకూ, పెద్ద మొత్తాలతో దాన్ని అటూ ఇటూ జరిపేవాళ్లకూ మనకు తెలిసినదంతా తెలుసు. ఫలానా జట్టు బలమైనదన్న సంగతి లైన్‌లో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. లైన్‌లో ఇంకా కలవని కారణం ఏదైనా నీ దగ్గర ఉందా అన్నదే అసలు ప్రశ్న.

మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి మరిచిపోవద్దు: లైన్ చూడకముందే నీ అంకెను, అంటే ఏ జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుందన్న నీ అంచనాను, కాగితం మీద రాసుకో. ఒకసారి 6.5 అన్నది కంటపడిందంటే, ఆ తర్వాత ఎంత లెక్క వేసినా మనసు ఆరుకో ఏడుకో చేరుకుని అదే సరైనదని సమర్థించుకుంటుంది. అంకె పక్కనే దానికి కారణం ఒక్క వాక్యంలో రాయి. ఆ తర్వాతే లైన్ తెరిచి చూడు.

ఆ అంకె ఎలా వస్తుందో 2025 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌ను పట్టుకుని చెబుతాను. ఓక్లహోమా సిటీ థండర్ ఆ సీజన్‌లో 68 మ్యాచ్‌లు గెలిచి 14 ఓడింది. మ్యాచ్‌కు సగటున ప్రత్యర్థి కంటే దాదాపు 13 పాయింట్లు ఎక్కువ సాధించింది. ఇండియానా పేసర్స్ 50 గెలిచి 32 ఓడింది. దాని సగటు ఆధిక్యం 2 పాయింట్లకు కాస్త పైన. రెండింటి మధ్య తేడా పదిన్నర. మ్యాచ్ థండర్ సొంత ఊళ్లో కనుక దానికి ఇంకో రెండున్నర కలిపితే 13 వస్తుంది. లైన్ మాత్రం తొమ్మిదిన్నర దగ్గర ఉంది. కొత్తగా లెక్కలు నేర్చినవాడు మూడున్నర పాయింట్లు ఊరికే దొరుకుతున్నాయనుకుని థండర్ వైపు దూకుతాడు. అక్కడే ఆగి, ఇంత పెద్ద తేడా నా ఒక్కడి కంటికే ఎలా కనిపించిందని ప్రశ్నించుకోవాలి. పేసర్స్ ఆ సీజన్‌ను 10 గెలుపులు, 15 ఓటములతో మొదలుపెట్టి, మిగిలిన 57 మ్యాచ్‌లలో 40 గెలిచింది. సీజన్ సగటులో ఆ తొలి రోజుల తడబాటు కూడా కలిసి ఉంది. మిల్వాకీ, క్లీవ్‌లాండ్, న్యూయార్క్ జట్లను ఓడించి జూన్‌లో ఫైనల్స్‌కు వచ్చిన జట్టు ఆ తొలి రోజుల జట్టు కాదు. థండర్ సగటులోనేమో బలహీనమైన జట్లను చిత్తుచిత్తుగా ఓడించిన రాత్రులు చాలా ఉన్నాయి. ఈ రెండూ సవరించుకుంటే నీ 13 కాస్తా 10 దగ్గరకు దిగుతుంది, లైన్‌తో పెద్ద తేడా మిగలదు. అప్పుడు చేయవలసింది ఆ మ్యాచ్‌ను వదిలేయడం. ఆ రాత్రి నాలుగో క్వార్టర్‌లో, అంటే ఆటలోని చివరి పావు భాగంలో, థండర్ ఒక దశలో 15 పాయింట్ల ఆధిక్యంలో ఉంది, చివరికి 0.3 సెకన్లు మిగిలి ఉండగా టైరీస్ హాలిబర్టన్ వేసిన షాట్‌తో పేసర్స్ 111-110తో గెలిచింది. ఆ మ్యాచ్ మొత్తంలో పేసర్స్ ఆధిక్యంలోకి రావడం అదొక్కసారే. పేసర్స్ పక్షాన ఉన్నవాడి లెక్క గొప్పదని గానీ, థండర్ పక్షాన ఉన్నవాడి లెక్క తప్పని గానీ ఆ ఒక్క ఫలితం తేల్చదు.

ఎందుకు తేల్చదో కూడా అంకెల్లోనే చూడు. ఎన్‌బీఏ మ్యాచ్ ఫలితాలు లైన్‌కు అటూ ఇటూ చెదిరే తీరును లెక్కగడితే ప్రామాణిక విచలనం సుమారు 12 పాయింట్లు ఉంటుంది. అంటే దాదాపు మూడింట రెండు వంతుల మ్యాచ్‌లు లైన్‌కు 12 పాయింట్ల లోపు ముగుస్తాయి, మిగతావి ఇంకా దూరం పోతాయి. ఇంత చెదురు ఉన్నచోట 1 పాయింటు విలువ 3 శాతానికి కొంచెం ఎక్కువ. నీ అంకె లైన్ కంటే 1 పాయింటు మెరుగైనదై, నిజంగా సరైనదే అయినప్పటికీ, నీ అవకాశం 50 శాతం నుంచి 53కు పెరుగుతుంది, అంతే, 52.4ను దాటడానికి అది బొటాబొటిగా సరిపోతుంది. తేడా 2 పాయింట్లుంటే 56 దాటుతుంది. అందుకే 2 పాయింట్ల కంటే తక్కువ తేడా కనిపించిన మ్యాచ్‌ను నేను ముట్టుకోను, నువ్వూ ముట్టుకోవద్దు. ప్రతి మ్యాచ్‌కూ అంకె రాయి, నేర్చుకోవడానికి అది అవసరం. కానీ నీ అంచనాగా నిలబెట్టుకునేవి వారానికి రెండో మూడో ఉంటే చాలు. అర పాయింటును కూడా చిన్నచూపు చూడవద్దు. ఒకే మ్యాచ్‌కు ఒకచోట 6.5, ఇంకోచోట 6 ఉండటం సాధారణం, ఆ అర పాయింటులోనే ఒకటిన్నర శాతానికి పైగా ఉంది.

ఇక ప్లేఆఫ్స్ ప్రత్యేకత గురించి. ఇక్కడే శ్రమకు ఫలితం దక్కే అవకాశం ఎక్కువ. సీజన్‌లో కోచ్ పదిమందిని తిప్పి తిప్పి ఆడిస్తాడు. ప్లేఆఫ్స్‌లో ఎనిమిది మందితోనే నెట్టుకొస్తాడు, ముఖ్యమైన ఆటగాళ్లు నలభై నిమిషాలకు చేరువగా ఆడతారు. బెంచ్ బలంతో, అంటే మధ్యలో బదులుగా దిగే ఆటగాళ్ల బలంతో, సీజన్‌లో గెలుపులు కూడగట్టుకున్న జట్టుకు ఆ లాభం ఇక్కడ సన్నగిల్లుతుంది. ఇద్దరు ముగ్గురు మేటి ఆటగాళ్ల మీద నడిచే జట్టుకు కలిసివస్తుంది. కాబట్టి జట్టు మొత్తం సగటుతో ఆగిపోకుండా, ప్లేఆఫ్స్‌లో నిజంగా ఆడబోయే ఆ ఎనిమిది మంది కోర్టులో ఉన్నప్పుడు జట్టు ఎలా ఆడిందో చూడు. అంతకంటే ముఖ్యమైనది, ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల వరకు తలపడటం. ఒక ఎత్తుగడ పనిచేస్తే అవతలి కోచ్ రెండు రోజుల్లో దానికి విరుగుడు వెతుకుతాడు. 2015 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 1-2తో వెనుకబడినప్పుడు, కోచ్ స్టీవ్ కెర్ నాలుగో మ్యాచ్‌లో పొడగరి ఆండ్రూ బోగట్‌ను పక్కనబెట్టి ఆండ్రే ఇగువోడాలాను ఆరంభ ఐదుగురిలోకి తెచ్చాడు. వారియర్స్ ఆ మ్యాచ్‌ను 103-82తో గెలిచి, తర్వాతి రెండూ గెలిచింది. ఇగువోడాలా ఫైనల్స్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అలాంటి మార్పు జరిగినప్పుడు మొదటి మూడు మ్యాచ్‌ల అంకెలు పాతబడిపోతాయి. అందుకే ప్రతి మ్యాచ్ మొదటి క్వార్టర్‌లో ఎవరిని ఎవరు కాపలా కాస్తున్నారో, ఎవరు కోర్టులో ఉన్నప్పుడు అవతలి జట్టు పదే పదే అతని మీదకే ఆట నడిపిస్తోందో నోట్‌బుక్‌లో రాసుకో. స్కోరు కార్డులో ఇది కనిపించదు. లైన్‌లోకి చేరడానికి కాస్త సమయం పట్టే సమాచారం ఏదైనా ఉందంటే, నా దృష్టిలో అది ఇదే.

చివరిగా చూసిన మ్యాచ్ ప్రభావం నుంచి నిన్ను నువ్వు కాపాడుకోవడం అన్నిటికంటే కష్టం. 2024 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో డల్లాస్ మావెరిక్స్ బోస్టన్ సెల్టిక్స్‌ను 122-84తో, అంటే 38 పాయింట్ల తేడాతో ఓడించింది. సిరీస్ మలుపు తిరిగిందని ఆ రాత్రి ఎంతోమంది అనుకున్నారు. తర్వాతి మ్యాచ్‌లో బోస్టన్ 106-88తో గెలిచి ట్రోఫీ ఎత్తుకుంది. ఇలాంటి ఊగిసలాటకు పెద్ద కారణం త్రీ పాయింటర్లు, అంటే దూరం నుంచి వేసి పడితే మూడు పాయింట్లు తెచ్చే షాట్లు. 35 శాతం ఖచ్చితత్వంతో వేసే జట్టు ఒక రాత్రి 35 ప్రయత్నాలు చేస్తే సగటున 12 పడతాయి; కేవలం యాదృచ్ఛికంగానే అవి ఒక రోజు 9, మరో రోజు 15 కావచ్చు. ఆ రెండు రాత్రుల మధ్య 18 పాయింట్ల తేడా వచ్చింది, జట్టు మాత్రం అదే జట్టు. 2018 పశ్చిమ కాన్ఫరెన్స్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ రాకెట్స్ వరుసగా 27 త్రీలు తప్పింది. మొత్తం 44లో 7 మాత్రమే పడి, సగం ఆట ముగిసేసరికి 11 పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా 101-92తో ఓడింది. కనుక మ్యాచ్ ముగిశాక ఎన్ని పడ్డాయో కాక ఎలాంటి షాట్లు దొరికాయో చూడు. కాపలా లేకుండా మూల నుంచి వేసినవి తప్పితే తర్వాతి మ్యాచ్‌లో అవి పడే అవకాశం ఉంది. చేతులు అడ్డుపెట్టినా వేసినవి పడితే వాటిని నమ్ముకోవడానికి లేదు. ఓడిన జట్టు తర్వాతి మ్యాచ్‌లో తప్పక పుంజుకుంటుందని గుడ్డిగా దాని పక్షాన నిలబడే పాత పద్ధతి ఒకటుంది. అది అందరికీ తెలిసిందే, లైన్ వేసేవాళ్లకూ తెలుసు. దానితో ఒరిగేదేమీ లేదు.

చివరి నిమిషం గురించి నిన్ను ముందే హెచ్చరించాలి. లైన్ 5.5 అనుకో. 40 సెకన్లు మిగిలి ఉండగా ఫేవరెట్, అంటే గెలుస్తుందని లైన్ చెప్పే జట్టు, 4 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. వెనుకబడిన జట్టు గడియారాన్ని ఆపడానికి కావాలని ఫౌల్ చేస్తుంది. ఫౌల్‌కు బదులుగా దొరికే, ఎవరూ అడ్డుకోని ఒక్కో పాయింటు షాట్లు, అంటే ఫ్రీ త్రోలు, రెండూ పడి తేడా 6 అవుతుంది. అవతల హడావిడిగా వేసిన త్రీ తప్పుతుంది, మళ్లీ ఫౌల్, మళ్లీ రెండు ఫ్రీ త్రోలు, తేడా 8. లేదా ఆ త్రీ పడి తేడా 3కు తగ్గుతుంది. నలభై ఏడు నిమిషాలు నువ్వు చేసిన విశ్లేషణకూ ఈ ముగింపుకూ సంబంధం చాలా తక్కువ. అందువల్ల నోట్‌బుక్‌లో తుది ఫలితంతో పాటు నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నప్పటి తేడా కూడా రాసుకో. నీ ఆలోచన ఎంతవరకు సరైనదో ఆ రెండో అంకె నిజాయితీగా చెబుతుంది.

గాయాల విషయం క్లుప్తంగా చెబుతాను. లీగ్ అధికారికంగా గాయాల జాబితా విడుదల చేస్తుంది, మార్పులు జరిగిన నిమిషాల్లో లైన్ జరిగిపోతుంది; కాబట్టి అందరికీ తెలిసిన వార్తతో నీకు లాభం రాదు. ఆడతాడో లేదో తేలని ఆటగాడున్నప్పుడు, అతనుంటే ఒక అంకె, లేకపోతే ఒక అంకె, రెండూ రాసి ఉంచుకో. 2025 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కు ముందు హాలిబర్టన్ పిక్క గాయం మీదే చర్చంతా నడిచింది, థండరే ఫేవరెట్. అతను ఆడాడు, పేసర్స్ 108-91తో గెలిచింది. తర్వాతి మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే అతని మడమ వెనుక ఉండే అకిలెస్ స్నాయువు తెగింది. ఆటగాడి శరీరం గురించి బయటి నుంచి మనం తెలుసుకోగలిగింది ఎప్పుడూ కొంచెమే.

నీ సామర్థ్యాన్ని గెలుపు ఓటముల సంఖ్యతో కొలవడానికి తొందరపడవద్దు. ప్లేఆఫ్స్‌లో 15 సిరీస్‌లు కలిపి సుమారు 80 మ్యాచ్‌లు జరుగుతాయి. నాణెం ఎగరేసి అంచనా చెప్పినా, ఆరుగురిలో ఒకరికి 80లో 45 లేదా అంతకంటే ఎక్కువ సరిపోతాయి. అంతకంటే త్వరగా నిజం చెప్పే కొలత ఒకటుంది: నువ్వు అంచనా వేసిన సమయానికి లైన్ ఎంత, మ్యాచ్ మొదలయ్యే క్షణానికి ఎంత. నువ్వు మైనస్ 4 దగ్గర ఎంచుకున్న జట్టు లైన్ మ్యాచ్ మొదలయ్యేసరికి తరచూ మైనస్ 5కు చేరుతుంటే, నీ ఆలోచన దారిలో ఉందని అర్థం. ఎప్పుడూ ఎదురుదిశలో జరుగుతుంటే, ఆ వారం గెలిచినా సరే, పద్ధతిని మళ్లీ పరిశీలించాలి.

డబ్బు సంగతి పెద్దవాడిగా కచ్చితంగా చెబుతున్నాను. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఆటల మీద పందేలను అనుమతించుకోవచ్చు. మీ ఒహాయోలో 2023 జనవరి 1 నుంచి, 21 ఏళ్లు నిండినవారికి చట్టబద్ధమే. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్యకు మాత్రం టెక్సాస్ చట్టం అనుమతించదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు అడిగితే వద్దని స్పష్టంగా చెప్పు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. నువ్వైనా ఈ మొదటి ప్లేఆఫ్స్ పూర్తిగా కాగితం మీదే ఆడు, ఒక్క డాలరు కూడా పెట్టవద్దు. ఆ తర్వాత ఎప్పుడైనా పెడితే, పోయినా బాధ లేదనుకుని పక్కన పెట్టిన మొత్తంలో నూటికి ఒకటి మించకుండా, ప్రతిసారీ అదే మొత్తం పెట్టు. ఓడిన రాత్రి దాన్ని రాబట్టుకోవడానికి రెట్టింపు చేయడం, ఫీజుకో అద్దెకో ఉంచిన డబ్బు తీయడం, స్నేహితుల దగ్గర చేబదులు అడగడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి మొదలైనా ఆ రోజే మానేసి నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా ఫర్వాలేదు, నేను కోప్పడను.

మొదటి రౌండ్‌లో ఎనిమిది సిరీస్‌లుంటాయి. వాటి మొదటి మ్యాచ్‌లకు నీ ఎనిమిది అంకెలు, పక్కన కారణాలు రాసి, లైన్ తెరవకముందే నాకు పంపు. నావి కూడా అప్పుడే పంపుతాను. రెండో మ్యాచ్‌లకు ముందు ఆదివారం సాయంత్రం కూర్చుని, ఎక్కడ మన అంకెలు విడిపోయాయో ఒక్కొక్కటే చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య